మన యింటి మాట



నేను ఉపన్యాసకురాలను కాను. ఉదయము ఇద్దరు పిల్లలను బడికి పంపి, ఆపై కార్యాలయమునకు పరుగెత్తు ఒక తల్లిని. పిల్లల పెంపకమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, చెప్పుటకు నాయొద్ద ఏమున్నదని సందేహించితిని. తుదకు మా యింట జరిగిన ఒక చిన్న సంగతినే మీ ముందుంచదలచితిని.

మా అమ్మాయికి ఆరేండ్లు, అబ్బాయికి నాలుగేండ్లు. ఒక ఆదివారము అమ్మాయి బొమ్మతో ఆడుకొనుచుండగా నేను ప్రక్కగదిలో బట్టలు మడత పెట్టుచుంటిని. “తిను. తొందరగా తిను. ఎన్నిసార్లు చెప్పాలి? బూట్లు ఎక్కడ పారేశావు?” అని బొమ్మను గద్దించుచున్నది. అచ్చముగా నా గొంతే! నాకు నవ్వు వచ్చినది. అంతలో బొమ్మ ఏడ్చినది కాబోలు, దానిని భుజమున వేసికొని, “రో మత్ బేటా, క్యా హువా, ముఝే బతావో” అని బుజ్జగించినది. నా నవ్వు ఆగిపోయినది.

గద్దించుటకు తెలుగు, ఓదార్చుటకు హిందీ! ఈ పంపకము ఆ పసిదానికి ఎవరు నేర్పిరి? మరునాడు నా మాటలను నేనే గమనించుకొంటిని. లే, తోముకో, త్రాగు, కదులు, చదువు, పడుకో. అన్నియు ఆజ్ఞలే. “నీకేమనిపించింది?” అను ప్రశ్న ఒక్కటియు లేదు. ఆ ప్రశ్నను బడిలో ఉపాధ్యాయినియు, వీధిలో నేస్తములును, పొరుగింటి యిల్లాలును హిందీలో అడుగుచున్నారు. కనుక మనసు విప్పుటకు పిల్లలకు ఆ భాషయే దొరకినది. తప్పు హిందీది కాదు, మనకు అన్నము పెట్టుచున్న ఈ ఊరిదియు కాదు.

విజయనగరములోనున్న మా అత్తగారు ఫోనులో పలుకరించినపుడు పిల్లలు “బాగున్నాను” అని చెప్పి పారిపోయెడివారు. “వాళ్లకి నేనంటే ఇష్టం లేదేమోనమ్మా” అని ఆమె ఒకనాడు నాతో అన్నది. 1931లో పూర్తియైన రైలుమార్గము విజయనగరమును రాయపూరునకు ఒక రాత్రి ప్రయాణమంత దగ్గర చేసినది. కాని ఆమెకును మనుమలకును నడుమ ఏర్పడిన దూరమును ఏ రైలు తగ్గింపగలదు?

ఈ ఊరికి పరభాషా కుటుంబములు వచ్చుట క్రొత్త కాదు. 1877లో కలకత్తా న్యాయవాది విశ్వనాథ దత్తుగారి కుటుంబము ఇచ్చటికి వచ్చినది. అప్పటికి రాయపూరునకు రైలు లేదు. ఆ తల్లి భువనేశ్వరీదేవి పిల్లలతో అడవుల మీదుగా ఎద్దుబండిలో ప్రయాణము చేసినది. వారిలో పదునాలుగేండ్ల నరేంద్రుడే తరువాత వివేకానందస్వామి. ఊరిలో తగిన పాఠశాల లేకపోగా తండ్రి ఆయా విషయములను కుమారునితో చర్చించుచు, అతని అభిప్రాయమును చెప్పనిచ్చెడివాడని జీవితచరిత్రకారులు వ్రాసిరి. 1879లో వారు తిరిగి కలకత్తా చేరిరి. మన పిల్లలందరు వివేకానందులు కానక్కరలేదు. ఇంటిలో తన మాటను వినువారున్నారను నమ్మకము మాత్రము ప్రతి బిడ్డకును కావలెను.

అంతట మా యింట ఒక నియమము పెట్టుకొంటిమి. రాత్రి భోజనమువేళ అరగంటసేపు ఎవరికిని ఆజ్ఞ యీయరాదు, పిల్లల తెలుగును దిద్దరాదు. మొదటిరోజు ఏమి మాటలాడవలెనో తోచక అందరము ఊరకుంటిమి. మూడవనాడు అమ్మాయి, తన నేస్తము ఇంట నీళ్లలో నాననిచ్చిన అన్నము తిందురనియు, దానిని బోరే బాసీ అందురనియు చెప్పినది. “అది మన చద్దన్నమే! మీ నాన్నమ్మ ఉల్లిపాయ నంజుకొని తినేది” అంటిని. వెంటనే ఫోను చేయించుకొని, నాన్నమ్మను తరవాణి కుండ సంగతులు అడిగినది. ఆనాడు మాకు ఫోను తిరిగి దక్కలేదు.

మరి కొన్నాళ్లకు అబ్బాయి నోరు విప్పెను. ఉదయము బడికి వెళ్లుటకు వాడు ఏడ్చినప్పుడెల్ల “ఏడవకు, కదులు” అనుచుంటిని. బడి బండిలో ఒక పెద్దపిల్లవాడు వాని డబ్బా లాగుకొనుచున్నాడట! సగము తెలుగు, సగము హిందీ కలిపి చెప్పెను. నెలరోజుల భయమును వాడు తనలోనే దాచుకొనియుండెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భాష పోవునేమో అని నేను బెంగపడుచుంటిని గాని, పోవుచున్నది నా బిడ్డ మనసునకు నాకు గల దారి.

కేంద్రప్రభుత్వము 2008 నుండి మహిళా ఉద్యోగినులకు 730 దినముల శిశుసంరక్షణ సెలవు నిచ్చుచున్నది. అది మేలైన సదుపాయమే. ప్రభుత్వము దినముల నీయగలదు. ఆ దినములలో ఏమి మాటలాడవలెనో చెప్పజాలదు. మా నియమము నిత్యము సాగుచున్నదని అబద్ధమాడను. నెలాఖరున పని హెచ్చినపుడు నా నోట మరల ఆజ్ఞలే వచ్చును. అపుడు అమ్మాయియే “అమ్మా, అరగంట!” అని గుర్తు చేయుచున్నది.

ఉగాదికి మన పిల్లలు ఈ వేదికపై పద్యము చదివిన మనము చప్పట్లు కొట్టుదుము. అది ముచ్చటయే. అయితే ఈ రాత్రి ఇంటికి పోయి, చదువు మాట, మార్కుల మాట ఎత్తక, “ఇవాళ నీకేం బాగుంది? ఏం బాగోలేదు?” అని తెలుగులో ఒక్కసారి అడుగుడు. వారు హిందీలో బదులిచ్చినను వినుడు. నా మనవి అంతియే.