ఇంట్లో చెల్లిన మాటే బయట ధైర్యం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడితే మన సభలో అందరూ చెవులు రిక్కించి వింటారు. ఈరోజు నాకు అప్పగించిన విషయం వేరు. ఆడపిల్లలు ఆత్మవిశ్వాసంతో, మనోనిబ్బరంతో పెరగాలంటే ఏం చేయాలి అన్నది. అది తల్లిదండ్రులు చూసుకోవలసిన పని గదా, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో, బడి నుంచి వచ్చిన మనవరాలికి తలుపు తీసేది మనమే. ఆ పిల్ల పొద్దుటి నుంచి మోసుకొచ్చిన సంతోషమైనా, దుఃఖమైనా మొదట మన చెవినే పడాలి. పడుతున్నదా లేదా అన్నదే ప్రశ్న.

నేను మనవి చేయదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో మాట చెల్లిన పిల్లే బయట నోరు విప్పగలదు.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు ఒకామె నిలబడింది. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపవద్దని ఆమెకు ఉత్తర్వు. వచ్చినవారు జవహర్‌లాల్ నెహ్రూ. అయినా ఆపేసింది. నిర్వాహకులు కేకలు వేసినా, మీరు చెప్పినట్టే చేశానన్నది. చివరకు టిక్కెట్టు కొన్న తర్వాతే వదిలింది. నెహ్రూగారు ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకున్నారు. ఆమే మన దుర్గాబాయి. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలు, ఆంధ్ర మహిళాసభ స్థాపకురాలు.

ఈ కథ మనందరికీ తెలిసిందే. దాని వెనుక ఉన్న తండ్రిని మాత్రం మరిచిపోతాం. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని చెబితే తండ్రి ఆమె పక్షాన నిలిచారు. ఆ రోజుల్లో లోకం ఎన్ని మాటలు అనివుంటుందో మనం ఊహించుకోవచ్చు. కూతురి మాటకు ఇంట్లో అంత విలువ దొరికింది.

ఇక మన ఇళ్లకు వద్దాం.

మొదటిది, పిల్ల ‘వద్దు’ అంటే వినటం. చుట్టాలు వస్తారు. ‘మామయ్య ఒళ్లో కూర్చోవే, ముద్దు పెట్టవే’ అంటాం. పిల్ల వెనక్కి జంకితే ‘తప్పు, పెద్దవాళ్లు’ అని ముందుకు తోస్తాం. నమస్కారం పెడితే చాలదా? పెద్దల ముందు తన ఇష్టానికి విలువ లేదని పిల్ల నేర్చుకుంటే, దుర్మార్గుడికి కావలసింది అదే. పిల్లలపై అఘాయిత్యాల కేసుల్లో ఎక్కువ భాగం నిందితులు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెబుతున్నాయి. పిల్ల ఏదైనా చెప్పినప్పుడు మన నోట మొదట రావలసిన మాట ‘నువ్వెందుకు వెళ్లావు?’ కాదు. ‘చెప్పి మంచి పని చేశావమ్మా’ అన్నది. పరువు పేరు చెప్పి నొక్కిపెట్టటం పిల్లకు రెండో గాయం. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవటం నేరం. 1098 నంబరు గోడమీద క్యాలెండరు పక్కన రాసిపెట్టండి.

పెద్దమనిషి అయినప్పుడు వీధికి ఫ్లెక్సీ కట్టి, ఫొటో వేసి వేడుక చేస్తున్నాం. అది నీకు ఇష్టమా అని ఆ పిల్లను అడిగినవారు మనలో ఎందరు?

రెండోది, రంగూ రూపూ. ‘ఎండకు నల్లబడ్డావే’, ‘లావెక్కావే’, ‘అక్క పోలిక రాలేదే’ అని మనం ముద్దుగానే అంటాం. అన్నవాళ్లం మరిచిపోతాం, ఆ పిల్ల మరిచిపోదు. తమ్ముడికి మంచినీళ్లు అందించటం అక్క పనే ఎందుకు కావాలి? వాడికీ కాళ్లున్నాయి గదా.

మూడోది, మార్కులు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అదే ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. తర్వాత చూస్తే అది తొంభైతొమ్మిది! కాగితాల మధ్య బతికిన మనకు తెలియదా, అంకె తప్పు పడవచ్చునని? ఒకవేళ అంకె నిజమే అయినా, అది ఒక పరీక్షకు వచ్చిన అంకె. పిల్ల విలువ కాదు. ఈ మాట ఫలితాలు వచ్చిన తర్వాత కాదు, ముందే చెప్పాలి. పిల్ల తిండి మానేసినా, నిద్రపోకపోయినా, నేనుండి ఏం లాభం అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వారు తెలుగులో మాట్లాడతారు. మనసుకు వైద్యం చేయించటం సిగ్గుపడే విషయం కాదు.

నాలుగోది డబ్బు, కాగితం. అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి, 1985 సెప్టెంబరు నుంచే అమలు చేసింది. 2005లో కేంద్రం దేశమంతటా పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2020లో అది పుట్టుకతో వచ్చే హక్కేనని తేల్చింది. చట్టం ఇచ్చినదాన్ని మనం పండుగకు పెట్టే చీరతో సరిపెట్టకూడదు. పదేళ్లు నిండిన పిల్ల తన పొదుపు ఖాతాను తానే నడుపుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. పింఛను కోసం బ్యాంకుకు వెళ్లేటప్పుడు మనవరాలిని వెంట తీసుకువెళ్లండి. ఓచరు ఆమెనే నింపనివ్వండి. కౌంటరు దగ్గర ఆమెనే అడగనివ్వండి.

ఇలా అయితే పిల్ల పెంకిదైపోదా అని ఒక మిత్రుడు అడిగారు. మాట వినటం వేరు, అడిగినదల్లా ఇవ్వటం వేరు. హోంవర్కు చేయాల్సిందే, చీకటిపడేలోగా ఇల్లు చేరాల్సిందే. ఎందుకని అడిగితే కారణం చెప్పండి. ఆ నియమం మనవడికీ ఉందా అని అడిగితే, జవాబు చెప్పగలిగేలా నడుచుకోండి. కారణం తెలిసిన పిల్ల నియమాన్ని తనదిగా చేసుకుంటుంది. భయంతో ఒప్పుకున్న పిల్ల మనం పక్కకు తిరగగానే మానేస్తుంది.

ఇవేవీ పింఛనులో కోత పెట్టే పనులు కావు. మనకు ఇప్పుడు పుష్కలంగా ఉన్నది తీరిక. సాయంత్రం మనవరాలు రాగానే పేపరు మడిచిపెట్టి, టీవీ కట్టేసి ఓ పది నిమిషాలు ఆ పిల్ల చెప్పేది వినండి. మధ్యలో సలహా ఇవ్వకండి. అది మన వయసులో కష్టమే. అయినా ప్రయత్నించండి.