కంటిలో కరెంటు, కడుపులో మద్యం



నేను డాక్టరును కాను. కంటి ఆసుపత్రిలో టెక్నీషియనుగా రిటైరయ్యాను. యంత్రం దగ్గర కూర్చున్న అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన కన్ను ఒక చిన్న బ్యాటరీ. ముందున్న కార్నియా ధనధ్రువం, వెనుక రెటీనా వైపు ఋణధ్రువం. మధ్య తేడా కొద్ది మిల్లీవోల్టులు. 1849లో డ్యుబోయ్ రేమండ్ దీన్ని చేప కంటిలో కనుగొన్నాడు. రెటీనా వెనుకనున్న రంగు కణాల పొరే దీనికి ముఖ్య ఆధారం.

దీన్ని కొలిచే పరీక్ష ఎలక్ట్రో ఆక్యులోగ్రామ్. కంటికి రెండు ప్రక్కలా ఎలక్ట్రోడ్లు అంటించి, ఎడమకూ కుడికీ చూడమంటాం. పదిహేను నిమిషాలు చీకటి, తర్వాత పదిహేను నిమిషాలు వెలుతురు. చీకట్లో తగ్గిన వోల్టేజి, దీపం వేసిన ఎనిమిది పది నిమిషాలకు సుమారు రెట్టింపవుతుంది. ఈ నిష్పత్తితో రోగాన్ని పట్టవచ్చని 1962లో ఆర్డెన్ బృందం చూపింది.

ఇక అసలు వింత. దీపం వేయకుండా, చీకట్లో కూర్చున్న మనిషికి మద్యం ఇచ్చినా వోల్టేజి అదే తీరుగా నెమ్మదిగా లేచి దిగుతుంది! 1970లలో స్వీడన్ పరిశోధకులు, 2000లో ఆర్డెన్ ఈ సంగతి రాశారు. వెలుగు సోకకుండానే ఆ పొర తెల్లవారిందనుకుంటుందన్నమాట. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రేచీకటి జబ్బులో మాత్రం ఈ స్పందన బాగా తగ్గిపోతుంది.

అందుకే పరీక్షకు ముందు "మందు పుచ్చుకున్నారా?" అని అడుగుతాం. ప్రక్కన భార్య ఉంటే "అబ్బే, అలవాటే లేదండీ" అంటారు. ఆవిడ బయటికెళ్ళాక గొంతు తగ్గించి "రాత్రి కొంచెం..." అంటారు. దాచితే లెక్క తప్పే వీలుంది. నిష్పత్తి తక్కువ వస్తే వంశపారంపర్యపు బెస్ట్ వ్యాధేమోనని పిల్లలకూ పరీక్షలు చేయించాల్సి రావచ్చు. టెక్నీషియను ఎవరికీ చాడీలు చెప్పడు, నిజం చెప్పండి.

కల్తీ సారా సంగతి వేరు. అందులోని మిథైల్ ఆల్కహాలు ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి రెటీనానూ, కంటి నరాన్నీ దెబ్బతీస్తుంది. తాగిన కొన్ని గంటలకో, మర్నాటికో చూపు పొగమంచు కమ్మినట్టవుతుంది. అప్పుడు "దిగిపోతుందిలే" అని పడుకోబెట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చూపే కాదు, ప్రాణం కూడా పోవచ్చు.

సభలోంచి ఒక మిత్రులు చీటీ పంపారు: "రెండు పెగ్గులేస్తే చూపు పెరుగుతుందా?" పెరగదండీ. పెరిగేది వోల్టేజి. అది ఎలక్ట్రోడ్లు అంటిస్తే తప్ప మీకూ తెలియదు, మీ ఇంట్లోవారికీ తెలియదు. వాసన మాత్రం తెలుస్తుంది.