పింఛను లెక్కలు రాసే ఉద్యోగం



స్త్రీల ఉపాధి అనగానే మనం కుట్టుమిషన్ల దగ్గర, పచ్చళ్ల దగ్గర ఆగిపోతాం. బీకాం చదివిన అమ్మాయిలకు ప్రావిడెంట్ ఫండ్, పింఛను లెక్కలు చూసే పని మంచి వృత్తి కాగలదనీ, అది మన ఉద్యమానికీ అవసరమనీ చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

పైకి చూస్తే అది గుమాస్తా పని. జీతంలోంచి పట్టిన సొమ్మునూ యజమాని వాటానూ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టించడం, పేర్లూ పుట్టిన తేదీలూ సరిచూడడం, పని మానేసినవాళ్ల ఫారాలు పంపడం.

ఆ ఫారాల్లో ఒకదాన్నే తీసుకుందాం. 1995లో వచ్చిన ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఒకామె ఆరేళ్లు పనిచేసి కాన్పు కోసం మానేసిందనుకోండి. ఫారం 10సి లో ఆమెకు రెండు దారులు. పింఛను ఖాతాలోంచి వచ్చే డబ్బు తీసేసుకోవచ్చు, లేదా స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చు. డబ్బు తీసుకుంటే ఆ ఆరేళ్లూ చెరిగిపోతాయి. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ చేరి అయిదేళ్లు చేసినా పింఛను రాదు. సర్టిఫికెట్ దాచుకుంటే ఆరూ అయిదూ పదకొండు, 58 ఏళ్లకు పింఛను. ఈ సంగతి ఆమెకు చెప్పవలసింది బల్లకు అవతల కూర్చున్న గుమాస్తా. నియమం మగవాళ్లకూ ఇదే. కాని మధ్యలో పని మానవలసి వచ్చేది ఎవరికి?

1952 ప్రావిడెంట్ ఫండ్ పథకంలో మరో చిత్రం చూడండి. ఉద్యోగం మానినవాళ్లు డబ్బు కోసం రెండు నెలలు ఆగాలి, పెళ్లి కోసం రాజీనామా చేసే స్త్రీ మాత్రం ఆగనక్కర్లేదు అని రాశారు. ఎంత దయ!

నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల బీడీ కార్మికులు మీకు తెలిసినవాళ్లే. బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండ్ 1977లో వర్తింపజేశారు. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు ఉద్యోగులు కారని యజమానులు వాదిస్తే, ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. అయినా చుట్టేది ఒకరు, పుస్తకంలో పేరు ఇంకొకరిది. ఒక పెద్దామె నాతో అన్నది: "నా పేరు తప్పు రాసిండ్రు బిడ్డా, ఆఫీసుల నేను నేను కానంటుండ్రు." 2014లో కనీస పింఛను 1000 రూపాయలు చేశారు. అది ఏ మూలకు చాలుతుందన్నది వేరే పోరాటం, కాని పేరు తప్పయితే ఆ వెయ్యి కూడా అందదు.

ఈ పనిలో ఉన్న అమ్మాయిల సంగతీ చెప్పాలి. కంపెనీల తరఫున పి.ఎఫ్. లెక్కలు చూసే చిన్న కన్సల్టెంటు ఆఫీసుల్లో అయిదారుగురుంటారు. 1952 చట్టం పెట్టుకున్న హద్దు 20 మంది. అంటే వందలమంది ఖాతాలు రాసే పిల్లకు తన ఖాతా ఉండదు! అందుకే అక్కడ పని నేర్చుకోండి, అక్కడే ఉండిపోకండి అంటాను. ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరు, అసిస్టెంట్ కమిషనరు ఉద్యోగాలకు యు.పి.ఎస్.సి. పరీక్ష పెడుతుంది, చదువు డిగ్రీ చాలు. కార్ఖానాకు వెళ్లి హాజరు పట్టీ అడిగే అధికారం ఆ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరుది.

ఫారం 10సి నకళ్లు తెచ్చాను. భోజనాలయ్యాక ఇద్దరిద్దరు కూర్చుని ఒకసారి నింపి చూద్దాం.