కాగితముపై నిలిచిన కట్టడములు



స్థపతి నిర్మించిన దానిని ఛాయాగ్రాహకుడు ఎట్లు దర్శించెను, ఆ దర్శనము గ్రంథరూపము దాల్చినపుడు మనకు క్రొత్తగా తెలియవచ్చిన దేమి యను విషయమును ఈ స్మారకోపన్యాసమున ముచ్చటింప సంకల్పించితిని.

1851లో ఫ్రాన్సు దేశపు చారిత్రక కట్టడముల సంఘమువారు బాల్దూస్, లె గ్రే, లె సెక్, బయార్, మెస్త్రాల్ అను నైదుగురిని ప్రాచీన నిర్మాణముల ఛాయాచిత్రములు తీసి తెండని పంపిరి. వారు కెమెరాలు మోసికొని తిరిగి తెచ్చిన చిత్రములను సంఘమువారు భద్రపఱచిరే గాని గ్రంథముగ ప్రకటింపరైరి. అంతటి కృషి నాటి ప్రజల కంటబడకుండుట నన్ను నేటికిని బాధించును.

మన అమరావతి కథ వేఱు. అచటి మహాస్తూపము పరుల కట్టడములకు రాళ్ళనిచ్చి శిథిలము కాగా, 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిలాఫలకములు మద్రాసు చేరినవి. 1858లో లినియస్ ట్రైప్ వాని ఛాయాచిత్రములను తీసెను. మరుసటి యేట ఆ ఫలకములు లండనుకు తరలిపోయి, ఒక గుఱ్ఱపుబండ్ల కొట్టమున పడియుండగా, 1867లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ కనుగొని, విలియం గ్రిగ్స్‌చేత చిత్రములు తీయించి, ఆ చిత్రములను జాతులుగా విడదీసి, అంచునకు అంచు సరిచూచి, ఏ ఫలక మేయెడ నుండెనో నిర్ణయింప పూనుకొని, 1868లో ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ అను గ్రంథమున అచ్చొత్తించెను. ఆయన లోపలి ప్రాకారమని తలచినది స్తూపగాత్రమునకు తాపిన ఫలకములని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఐనను నేలపై లేని స్తూపమును పుటలపై తిరిగి నిలుపబూనిన ఆ సాహసమునకు నేను చేతులెత్తి నమస్కరింతును.

చెదరిన యొక కట్టడమును కూర్చుట యొక విధము. దూరదూరముల నిలిచిన సజాతీయములను చేర్చి చూపుట మఱియొక విధము. ఈ రెండవదానిని సాధించినవారు జర్మను దంపతులు బెర్న్డ్, హిల్లా బెకర్‌లు. 1959 మొదలు వారు నీటి గోపురములను, ఇనుము కరగించు కొలుములను, గనులపై నిలిచిన యంత్రగోపురములను, నీడలు పడని మబ్బు వేళ, మనుష్యసంచారము లేని తఱి, ఎదుట నిలిచి ఒక్క తీరున చిత్రించిరి. 1970లో ‘అజ్ఞాత శిల్పములు’ అను నర్థమున వెలువడిన వారి ‘అనోనిమె స్కుల్ప్‌టూరెన్’ తెఱచినచో, ఒక్క పంక్తిని కూర్చున్న అన్నదమ్ముల ముఖభేదములవలె, పేరెఱుగని ఇంజనీర్ల కట్టడముల తారతమ్యము తనంత తానే గోచరించును. ఏ యొంటి చిత్రమును ఈ జ్ఞానము నీయజాలదు. 1990లో వెనిస్ ప్రదర్శనమువారు వీరికి శిల్పకళా పురస్కార మొసగుట సముచితమే. అమెరికాలో ఎడ్ రూషే 1966లోనే సన్‌సెట్ స్ట్రిప్ వీథి కిరువైపుల నున్న ప్రతి భవనమును మడతల పుస్తకముగ ముద్రించి, అంగడివీథియు అధ్యయనార్హమని చాటెను.

బెకర్ దంపతులు చిత్రించిన గోపురములలో పెక్కులు నేడు లేవు. మన యూళ్ళ మండువా లోగిళ్ళును అట్లే కూలుచున్నవి. కావున యువ ఛాయాగ్రాహకులారా, మీ మండలములోని లోగిళ్ళ నన్నిటిని ఒక్క దూరమునుండి, ఒక్క వెలుగున చిత్రించి, ఊరిపేరు, సంవత్సరము వ్రాసి, గ్రంథముగ కుట్టి మీ గ్రంథాలయమున కిండు.