వాఙ్మయ తపస్సు – ఒక పచ్చబొట్టు



భగవద్గీత పదునేడవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ వాఙ్మయ తపస్సును ఉపదేశించినాడు. దాని అర్థమును నాకు తెలియజేసినది ఏ భాష్యమో కాదు. ఒక యువకుని చేతిమీది పచ్చబొట్టు.

కొన్ని సంవత్సరముల క్రిందట విజయవాడనుండి తిరుపతికి రైలులో పోవుచుంటిని. ఎదుట కూర్చున్న యువకుని ముంజేతిపై వంకరటింకర అక్షరములు పొడిపించబడి యుండెను. నేనుండబట్టలేక, "నాయనా, భగవంతుడిచ్చిన శరీరమును ఇట్లు పాడుచేసికొనవచ్చునా?" అంటిని. చుట్టునున్నవారందరు అతనివైపు చూచిరి.

అతడు కోపింపలేదు. "అది మా అమ్మ సంతకం తాతగారూ. ఆవిడకి తన పేరు తప్ప మరేమీ రాయడం రాదు. నా మార్కుల కార్డు మీద పెట్టిన సంతకం చూసి అలాగే పొడిపించుకున్నాను. ఆవిడ పోయి రెండేళ్లయింది. ముక్కూముఖం తెలియనివాళ్లు రోజూ అడుగుతుంటారు. చెప్పలేక, సరదాకి వేయించుకున్నానని అంటాను. మీరు పెద్దవారని చెప్పాను" అనెను.

నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి అతడే, ఉత్తరీయము జారిన నా భుజమును చూచి, "ఆ గుర్తేమిటండీ? కాలిందా?" అని మెల్లగా అడిగెను. వైష్ణవుల పంచసంస్కారములలో మొదటిది తాపమనియు, ఆచార్యుడు కాచిన ముద్రలతో కుడిభుజముపై చక్రమును, ఎడమభుజముపై శంఖమును ఉంచుననియు, స్వామికి దాసుడనైతినని అది గుర్తనియు చెప్పితిని. అతడు చేతులు జోడించెను. అతని ప్రశ్నలో తెలిసికొనగోరిక కలదు; నా ప్రశ్నలో తీర్పు మాత్రమే కలదు.

పచ్చబొట్టు మనకు క్రొత్తది కాదు. ఎరుకల స్త్రీలు సూదులతో పొడిచిన పచ్చబొట్లు మన అమ్మమ్మల చేతులపై ఉండెడివి. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున రామనామి సంప్రదాయమువారు 19వ శతాబ్ది చివరిభాగమునుండి ఒడలిపై రామనామమును పొడిపించుకొనిరి. అంటరానివారని ఆలయములలోనికి రానీయనందున వారు తమ దేహమునే ఆలయము చేసికొనిరి. శరీరమును ఏల పాడుచేసికొంటిరని వారిని అడిగినచో, ఆ సమాధానమునకు తల వంచుకొనవలసినది అడిగినవారే గదా!

ఎదుటివారికి ఉద్వేగము కలిగింపనిది, సత్యము, ప్రియము, హితము అయిన మాటయు, వేదాభ్యాసమును కలిసి వాఙ్మయ తపస్సని గీత చెప్పుచున్నది. రెండును ఒకే శ్లోకమున నున్నవి. అరువది ఏండ్లుగా వేదము వల్లించుచున్న నేను ఆ శ్లోకపు ఉత్తరార్ధమును పట్టుకొని, పూర్వార్ధమును విడిచితిని.

పచ్చబొట్టు వేయించుకొనుడనిగాని వలదనిగాని నేను చెప్పుట లేదు. పరిచయము లేనివారి ఒడలిపై గుర్తును చూచినపుడు, అడుగుట అవసరమా అని మొదట ఆలోచింపుడు. అడిగినచో మృదువుగా అడుగుడు. చెప్ప నిష్టపడనిచో విడిచిపెట్టుడు. చెప్పినచో శ్రద్ధగా వినుడు.

దిగబోవుచు ఆ తల్లి పేరు అడిగి తెలిసికొంటిని. మరునాడు స్వామి సన్నిధిలో నిలిచినపుడు, నా వారి పేర్లతోపాటు ఆమె పేరును కూడ తలచుకొంటిని.

స్వస్తి.