వేట అంటే ఈటె ఒక్కటేనా?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేట అనగానే మన కళ్ళముందు మగవాడే నిలబడతాడు. చిన్నప్పటి పాఠ్యపుస్తకం బొమ్మలో ఈటె అతని చేతిలో, బుట్ట ఆమె చేతిలో ఉండేవి. చాలాకాలం నేనూ అదే నమ్మాను. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలోని మార్తు ఆదివాసీ స్త్రీల గురించి చదివాక ఆ బొమ్మ చెదిరిపోయింది.

చలికాలంలో ఈ స్త్రీలు గాలివాటం చూసుకుని ముదిరిన స్పినిఫెక్స్ గడ్డికి నిప్పు పెడతారు. గడ్డి కాలాక ఉడుముల బొరియలు బయటపడతాయి. కర్రతో నేలను పొడిచి, జాడ తెలుసుకుని, తవ్వి పట్టుకుంటారు. కంగారూ వేటకు వెళ్ళిన మగవాళ్ళు చాలాసార్లు ఉత్తచేతులతో తిరిగొస్తారు. ఉడుము వేటలో మాత్రం దాదాపు ప్రతిసారీ ఎంతోకొంత దొరుకుతుంది. ఒకప్పుడు గడ్డిగింజలు నూరి రొట్టె కాల్చిందీ ఈ స్త్రీలే. మరి దీన్ని వేట అనకుండా "ఏరుకోవడం" అని ఎందుకన్నారు?

1964లో రాకెట్ ప్రయోగాల కోసం అధికారులు ఆ ఎడారిని ఖాళీ చేయిస్తున్నప్పుడు ఒక గుంపు కనిపించింది. ఇరవై మంది, అందరూ స్త్రీలూ పిల్లలే. మగతోడు లేకుండానే అక్కడ బతుకుతున్నారు. వాళ్ళనూ మిషన్‌కు తరలించారు.

మనుషులు వెళ్ళిపోయాక చిన్నచిన్న మంటలు ఆగిపోయాయి. పిడుగులు పడి లేచిన పెద్ద మంటలు విశాలమైన నేలను కాల్చేశాయి. 1980 దశకంలో మార్తులు తిరిగొచ్చి ఊళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ వేట ఎక్కువగా సాగే చోటే ఉడుములూ ఎక్కువగా ఉన్నాయని 2013లో వెలువడిన పరిశోధన తేల్చింది. అంటే ఆ నిప్పు విధ్వంసం కాదు, తరతరాల జ్ఞానం. 2002లో న్యాయస్థానం మార్తుల భూమి హక్కును గుర్తించింది.

అయితే హక్కు వచ్చినంత మాత్రాన స్త్రీ గొంతు వినిపిస్తుందని కాదు. మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో భూమి హక్కుల చర్చలు జరిగినప్పుడు తమ మాట ఎవరూ వినలేదని స్త్రీలు 1980లో సొంత మండలి పెట్టుకున్నారు.

ఇది మనకు దూరపు కథ కాదు. మన 2006 అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంటుంది. నల్లమలలో గడ్డలు తవ్వే చెంచు స్త్రీ పేరు పట్టా మీద ఉందా? గ్రామసభలో ఆమె మాట్లాడిందా? ఈసారి వెళ్ళినప్పుడు ముందుగా అది అడుగుదాం.