టీ గ్లాసూ, లెక్కల పుస్తకమూ

(సమాఖ్య వార్షిక మహాజన సభలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, వసూళ్ల లెక్కలు కోశాధికారి గారు చదివారు. నివేదికలో కూడా ఉన్నాయి. నేను ఇంకో లెక్క గురించి మాట్లాడతాను. మనం ఎవరితో స్నేహంగా ఉంటాం, ఎవర్ని నిలదీస్తాం అన్నది ఆ లెక్క. ఈ రెండూ వేరువేరు అనుకుంటాం. నేను చూసినంతలో అవి ఒకటే. ఎవరింట్లో మనం టీ తాగమో, వాళ్ల పుస్తకాన్నే మనం రెండుసార్లు తిరగేస్తాం.

ముందు స్నేహం సంగతి చూద్దాం. 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టినప్పుడు, ఒకే రకం స్థితిగతులున్న పది ఇరవై మంది కలిసి ఒక సంఘంగా ఉండాలన్నారు. అందులో మంచి ఉంది. ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుంది, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటుంది. కానీ మన ఊళ్లో ఒక వీధంటే ఏమిటి? చేపలు పట్టేవాళ్లది ఒక పేట. ఎన్నో తరాలుగా ఈ నగరాన్ని ఊడ్చిన రెల్లి కుటుంబాలది ఒక కాలనీ. పల్లెల నుంచి కూలికొచ్చి కొండ మీద గుడిసె వేసుకున్నవాళ్లది ఇంకో వరస. పక్కింటివాళ్లతో సంఘం కట్టామంటే, చాలా చోట్ల కులంవాళ్లతోనే సంఘం కట్టినట్టు. ఎవరూ కావాలని చేసింది కాదు. వీధి అలా ఉంది, సంఘమూ అలాగే అయ్యింది.

అందుకే ఈ సమాఖ్య చాలా విలువైనది. వేరే కులం ఆడమనిషి పక్కన, ఆమె ఇంట్లో పనిమనిషిగా కాకుండా, సమానంగా కుర్చీలో కూర్చునే చోటు మనలో చాలామందికి ఇదొక్కటే.

కూర్చుంటున్నాం సరే, స్నేహం కుదిరిందా? ఇల్లు అద్దెకు అడగడానికి వెళితే అద్దె ఎంతో చెప్పకముందే "మీరేటోళ్లమ్మా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కొందరికి ఇబ్బందే కాదు, చెప్పేస్తారు. కొందరికి గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు ఉంటుంది. అపార్టుమెంట్లలో పని చేసే మన సభ్యుల్ని అడగండి, వాళ్ల గ్లాసు ఎక్కడ పెడతారో చెబుతారు. హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్ముకునే అక్కని అడగండి, గంప చూసి ఎన్ని ఆటోలు ఆగకుండా పోతాయో చెబుతుంది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇదంతా ఆ తర్వాత డెబ్భై అయిదేళ్లకు.

పై మెట్టు మీద ఉన్నవాళ్లకు మెట్టు కనబడదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. రోజూ నడిచే దారిలో గతుకు లేనివాళ్లకి గతుకు సంగతి ఎలా తెలుస్తుంది? "మా ఇంట్లో ఆ తేడాలేం లేవు" అని మనస్ఫూర్తిగానే అంటారు. కానీ తేడా ఉందో లేదో చెప్పాల్సింది కింది మెట్టు మీదున్న మనిషి.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బు కూడా కాదు. మన తెలుగు కుటుంబంలోని అమ్మాయి నీనా దావులూరి 2013లో మిస్ అమెరికా అయ్యింది. ఆమె పుట్టింది అమెరికాలోనే. అయినా అక్కడ కొందరు ఒంటి రంగు చూసి, ఆమె అరబ్బు అనీ, టెర్రరిస్టు అనీ ఇంటర్నెట్‌లో తిట్టారు. మనవాళ్లకి కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ అదే రోజుల్లో మన దేశంలోనే ఇంకో మాట వినబడింది. ఆ చామనఛాయతో ఇక్కడ పోటీ చేస్తే గెలిచేదే కాదని. అక్కడ తెల్లవాళ్లు రంగు చూశారని మండిపడ్డ మనం, ఇక్కడ పెళ్లిచూపుల్లో ఏం చూస్తున్నాం? పక్క కాలనీ పిల్ల మన పిల్లతో ఆడుకోడానికి వస్తే ఏం చూస్తున్నాం?

ఇప్పుడు నిలదీయడం సంగతి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. మన మహా నగరపాలక సంస్థలో 98 వార్డులున్నాయి, 2021 మార్చిలో ఎన్నికలు జరిగాయి. మగ కార్పొరేటరు రాత్రి పది గంటలకు కాంట్రాక్టరుతో మాట్లాడుతుంటే "కష్టపడే మనిషి" అంటాం. ఆడ కార్పొరేటరు అదే చేస్తే "ఇంత రాత్రేళ ఈవిడకి పనేటి?" అంటాం. ఆమె ఇంటికెళ్లి ఆమెని వదిలేసి భర్తకి అర్జీ ఇచ్చేది మనమే. తర్వాత "ఆవిడకేం తెలుసు, అంతా ఆయనే" అనేదీ మనమే. ఎస్సీ మహిళ అయితే ఇంకో మాట కలుస్తుంది, "రిజర్వేషనులో వచ్చింది" అని. జనరల్ సీటులో డబ్బుతో, మామగారి పేరుతో గెలిచినవాళ్లని మాత్రం ఎలా వచ్చారని అడగం.

టి.ఎన్. సదాలక్ష్మి గారిని గుర్తు చేసుకుందాం. దళిత కుటుంబంలో పుట్టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరు అయ్యారు. దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. గుళ్లోకి రానివ్వని కులంలో పుట్టిన ఆడమనిషి గుళ్ల మీద సంతకం పెట్టింది. అది 1960ల నాటి మాట. మరి 2019 వినాయక చవితికి ఏమైంది? తాడికొండ ఎమ్మెల్యేగా ఉన్న ఉండవల్లి శ్రీదేవి గారు, ఆవిడ డాక్టరు కూడా, మండపానికి వెళితే కులం పేరుతో అవమానించారని కేసు నమోదైంది. ఏ పార్టీ అన్నది ఇక్కడ పక్కన పెట్టండి. డాక్టరు చదువు, ఎమ్మెల్యే పదవి రెండూ ఉన్న మనిషికే అలా జరిగితే, మన సంఘం లీడరు ఎంత?

మన దగ్గరికే వద్దాం. ఇన్నేళ్లలో నేను కళ్లారా చూసిన సంగతి, పేర్లు చెప్పను. రెండు సంఘాలు ఒకే నెల వాయిదా కట్టలేదు. ఒక లీడరు మెయిన్ రోడ్డు వైపు ఆమె. సమావేశంలో అందరూ "పాపం, ఇంట్లో ఏదో ఇబ్బంది అయ్యుంటుంది" అన్నారు. రెండో లీడరు పారిశుధ్య కార్మికురాలు. "పుస్తకాలు తెప్పించండి, అప్పు ఎవరికిచ్చిందో చూద్దాం" అన్నారు. పుస్తకాలు తెచ్చింది. ప్రతి రూపాయికీ సంతకం ఉంది. కార్మికుల జీతాలు ఆలస్యమవడమే కారణం. తర్వాతి నెల రెండు వాయిదాలూ కలిపి కట్టేసింది. కానీ ఆ ఏడాది లీడరుగా ఉండమంటే ఉండనంది. "నేను లెక్క తప్పలేదు, అయినా దొంగని చూసినట్టు చూశారు" అంది. మంచి లీడరుని పోగొట్టుకున్నాం. మొదటామె పుస్తకాలు మాత్రం ఎవరూ అడగలేదు, ఈ రోజు వరకూ.

అడగడం తప్పని నేననడం లేదు. డబ్బున్న చోట ప్రశ్న ఉండాలి. పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి. కానీ ప్రశ్న కొందరికి చుట్టం, కొందరికి పోలీసు కాకూడదు. రెండో ఆమెని అనుమానించినవాళ్లలో ఒక్కరైనా ఎప్పుడైనా ఆమె ఇంటి గుమ్మం తొక్కి ఉంటే, జీతం రాలేదన్న సంగతి పుస్తకం తెరవకముందే తెలిసేది. మెయిన్ రోడ్డు ఆమె ఇబ్బంది వాళ్లకి తెలుసు, ఎందుకంటే అక్కడ టీ తాగుతారు కాబట్టి.

కాబట్టి కార్యవర్గం తరఫున నాలుగు తీర్మానాలు పెడుతున్నాను.

ఒకటి. వాయిదా తప్పిన ప్రతి సంఘానికీ ఒకే ప్రశ్నల కాగితం. ఎవరికైనా అవే ప్రశ్నలు, అదే వరసలో. జవాబులు మినిట్స్‌లో రాయాలి.

రెండు. నెలవారీ కార్యవర్గ సమావేశం వంతులవారీగా ఒక్కో కాలనీలో. ఆ కాలనీవాళ్లే టీ పెడతారు, ఖర్చు సమాఖ్యది. ఉపవాసముంటే తాగొద్దు, మిగతా కారణాలు చెల్లవు.

మూడు. సమావేశంలో లీడరు తనే మాట్లాడాలి. భర్త, కొడుకు బయట కుర్చీల్లో కూర్చోవచ్చు. చదువు తక్కువైతే పక్కన ఆర్పీ కూర్చుని సాయం చేయాలి, ఆమె బదులు మాట్లాడకూడదు.

నాలుగు. అధ్యక్ష పదవి మూడేళ్లుగా ఒకే ప్రాంతానికి వెళుతోంది. ఈసారి ఇంతవరకూ పదవి దక్కని కాలనీల నుంచి పేర్లు ముందు పిలుద్దాం.

రెండో తీర్మానం మీద కొందరికి అభ్యంతరం ఉందని నాకు తెలుసు. చాటుగా అనుకోవద్దు, ఇక్కడే మైకులో చెప్పండి, మినిట్స్‌లో రాసుకుందాం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. వచ్చే నెల మొదటి సమావేశానికి ఏ కాలనీ పిలుస్తుందో కూడా ఇప్పుడే చెప్పండి.